అమ్మమ్మ అడ్డపొగ మానేదెలా? అంగిలి మీద మచ్చ కనిపించింది

బాహుదా ఒడ్డు, బరంపురం
ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. మాది సోనాపూర్ దగ్గర చేపలపల్లె. నేను బరంపురంలో ఉద్యోగం చేసుకుంటున్నాను. మా అమ్మమ్మకు 71 ఏళ్లు. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన చుట్ట ఇప్పటికీ వదల్లేదు. అదీ అడ్డపొగ. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసి పీలుస్తారు. బయటికి చుట్ట కనిపిస్తుంది, నిప్పు కనిపించదు.

నిన్న ఇంటికి వెళ్లాను. అమ్మమ్మ చేపల పులుసు పక్కన పెట్టేసి గంజన్నం తింటోంది. "ఏటయిందే అమ్మమ్మా" అంటే "ఏటీ లేదురా బావూ, కారం మండతంది" అంది. ఫోన్ టార్చ్ వేసి నోరు తెరవమన్నాను. అంగిలంతా తెల్లగా పాలిపోయి, ఎండిన చెరువు నేలలాగా గీతలు పడి ఉంది. మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు. ఎడమ పక్కన శనగగింజంత ఎర్రమచ్చ. వేలితో తాకితే తల వెనక్కి లాక్కుంది.

మానెయ్యమంటే "మాయమ్మ కాల్చింది, ఎనబై ఏళ్లు బతికింది" అంటోంది. ఎవరికి చూపించాలి? ఈ వయసులో మానిపించడం అయ్యే పనేనా? రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వంశధార, గుణుపూర్
ఆదివారం రాత్రి

బాబూ, ఈ వారంలోనే చూపించు. మిగతా సంగతి తర్వాత.

పంటి డాక్టర్, బరంపురం
సోమవారం ఉదయం

తమ్ముడూ, వంశధార గారి మాటే నాదీను. పళ్ల డాక్టరుకైనా, ముక్కు, చెవి, గొంతు డాక్టరుకైనా చూపించవచ్చు. బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో రెండు విభాగాలూ ఉన్నాయి.

నువ్వు చూసిన తెలుపు అడ్డపొగ తాగేవాళ్లలో చాలామందికి ఉంటుంది. ఆ ఎర్రచుక్కలు అంగిలి మీదుండే చిన్న లాలాజల గ్రంథుల మూతులు, వేడికి వాచి అలా కనిపిస్తాయి. ఈ రెండూ చుట్ట మానేస్తే చాలావరకు తగ్గుతాయి. నాకు భయం ఆ ఎర్రమచ్చ గురించే. తెల్లమచ్చ కంటే ఎర్రమచ్చ, మానని పుండు ప్రమాదం. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని ఎవరైనా అంటే వినకండి. ఆ మాట నమ్మి ఆలస్యం చేసినవాళ్లను నేను చాలామందిని చూశాను.

అడ్డపొగలో జరిగేది ఇది. నిప్పు అంగిలికి అంగుళం దూరంలో కూడా ఉండదు. నోటి లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుందని కొలిచినవాళ్లు రాశారు. మరిగే నీళ్లు 100 డిగ్రీలు. ఆ సెగకు చర్మం రోజూ కమిలి, రోజూ కొత్తగా కట్టుకుంటుంది. అలా కొత్తగా కట్టుకుంటున్న కణాల మీదే పొగ పడుతుంది. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలుంటే కనీసం 70 క్యాన్సర్ తెచ్చేవి. దేశంలో మిగతా చోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా చెంప లోపల, నాలుక పక్కన వస్తుంది. అంగిలి మీద రావడం మన తీరంలో ఎక్కువ. కారణం ఈ అలవాటే.

ఇది కొత్తగా కనిపెట్టిందీ కాదు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు చూసిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. వాళ్లలో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లు. ఇచ్ఛాపురం దాటితే మన గంజాం జిల్లా. ఆ పల్లెలకూ మన పల్లెలకూ పెళ్లి సంబంధాలున్నాయి, అలవాట్లూ వాటితోనే వచ్చాయి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
సోమవారం మధ్యాహ్నం

పెద్దవాళ్లు నన్ను తప్పుగా అనుకోకండి. 71 ఏళ్ల మనిషిని ఇప్పుడు బాధపెట్టి మానిపించడం ఎందుకు? మా నాన్న యాభై ఏళ్లు చుట్ట తాగాడు. ఆసుపత్రిలో మానమన్నారు, మానేశాడు. నాలుగు నెలల్లో పోయాడు. ఒంటికి అలవాటైనది ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తట్టుకోదని మా ఊళ్లో అందరూ అంటారు. నాకూ అదే అనిపిస్తుంది. ఉన్నన్నాళ్లు ఆవిడ మనసుకు నచ్చినట్టు ఉండనివ్వండి.

వంశధార, గుణుపూర్
సోమవారం సాయంత్రం

మహేంద్రతనయ గారూ, మీ నాన్నగారి మాట చదివి బాధ కలిగింది. కానీ "మనసుకు నచ్చినట్టు ఉండనివ్వండి" అన్న మాట మా ఇంట్లోనూ అన్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో చెబుతాను.

మా పెద్దమ్మది కవిటి దగ్గర పల్లె. కొబ్బరితోటల్లో పని. ఆవిడదీ అడ్డపొగే. అంగిలి మీద పుండు పడితే వేడి చేసిందన్నారు, మజ్జిగ తాగించారు, పసుపు రాశారు. అలా ఏడెనిమిది నెలలు. ఒకరోజు అన్నం తింటుంటే మెతుకులు ముక్కులోంచి వచ్చాయి. అంగిలికి చిల్లు పడింది. ఆవిడ అన్నం పళ్లెం పక్కకు నెట్టేసి, మాకు కనబడకుండా చెంగుతో మొహం తుడుచుకుంది. అప్పుడు నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఆ తర్వాత ఆవిడ మాట మాకు అర్థమయ్యేది కాదు, ముక్కుతో గాలి పోయేది. ఒడియా, తెలుగు రెండూ గలగలా మాట్లాడే మనిషి చివరి ఆర్నెల్లు చేతులతో సైగలు చేసింది. వాసన వస్తుందని తనే గుమ్మం బయట పడుకునేది.

మనసుకు నచ్చినట్టు ఉండడం అంటే ఇది కాదండీ.

పంటి డాక్టర్, బరంపురం
సోమవారం రాత్రి

మహేంద్రతనయ గారూ, పొగాకు ఆపడం వల్ల ప్రాణం పోదు. చాలామంది ఒంట్లో జబ్బు ముదిరాకే మానతారు. మానిన కొద్దిరోజులకే మనిషి పోతే, ముందు నుంచీ ఉన్న జబ్బును వదిలేసి మానడాన్ని కారణం అనుకుంటాం. మీ నాన్నగారు మానేసి తప్పు చేయలేదు. మీరు మానిపించి తప్పు చేయలేదు. ఆ బరువు మనసులో పెట్టుకుని ఉంటే దయచేసి దించేసుకోండి.

ఏ వయసులో మానినా లాభం ఉంది. 12 గంటల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతుంది. కొన్ని వారాల్లో ఆయాసం, దగ్గు తగ్గడం మొదలవుతుంది. ఏడాదికి పొగ వల్ల వచ్చే గుండెజబ్బు ముప్పు సగానికి పడిపోతుంది. ఆపరేషన్ కావాల్సి వస్తే, పొగ మానినవాళ్ల గాయం త్వరగా మానుతుంది. 71 ఏళ్ల మనిషికి ఈ చివరి మాట చాలా ముఖ్యం.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
సోమవారం రాత్రి

డాక్టరు గారూ, ఈ మాట నాకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. మా అమ్మకు కూడా చదివి వినిపించాను.

నాగావళి, రాయగడ
మంగళవారం ఉదయం

నేను మానినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. లారీ తోలేవాణ్ణి. రాయగడ నుంచి విశాఖ, మళ్లీ వెనక్కి. రోజుకు రెండు కట్టల బీడీలు. బీడీ సంగతి మీకు తెలుసు, పైన చుట్టే తునికాకులోంచి గాలి ఆడదు, కాసేపు పీల్చకపోతే ఆరిపోతుంది. అందుకని గట్టిగా, మాటిమాటికీ పీలుస్తాం. సిగరెట్ కంటే చిన్నది కదా, తక్కువ హాని అనుకునేవాణ్ణి. చిన్నదైనా సిగరెట్ కంటే ఎక్కువ నికోటిన్, ఎక్కువ విషవాయువు లోపలికి పోతాయని తర్వాత తెలిసింది.

మా పాపకు మూడేళ్లప్పుడు పిల్లికూతలు మొదలయ్యాయి. నేను ఇంట్లో ఎప్పుడూ తాగలేదు, అరుగు మీదే. అయినా ఇంటికొచ్చి ఎత్తుకుంటే దగ్గేది. చొక్కా మార్చుకుని ఎత్తుకున్నా దగ్గేది. ఒకరోజు నేను గుమ్మంలో అడుగు పెట్టగానే పాప వాళ్లమ్మ వెనక్కి వెళ్లి నిలబడింది. ఆ రోజు బీడీ కట్ట తీసుకెళ్లి నాగావళిలో వేశాను.

మొదటి మూడురోజులు నరకం. తల పగిలిపోయేది, క్లీనర్ మీద అరిచేవాణ్ణి. పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం ప్యాకెట్ మీద ఉండే 1800-11-2356కి ఫోన్ చేశాను, డబ్బులు పడవు. అవతలావిడ చెప్పిన ఒక మాట పనికొచ్చింది. తాగాలనే కోరిక వచ్చినప్పుడు అది కొద్ది నిమిషాలే ఉంటుంది, ఆ కాసేపు వేరే పనిలో పడండి అంది. నేను బండి దిగి టైర్లు చూసుకునేవాణ్ణి. నికోటిన్ గమ్ కూడా వాడాను. దాన్ని బబుల్ గమ్‌లా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో తిప్పడం. కొద్దిగా నమిలి, చురుక్కుమనగానే చెంపకూ పంటి చిగుళ్లకూ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు పోయాక మళ్లీ నమలాలి. ఘాట్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర మాత్రం నెలరోజులు బండి ఆపలేదు. మానేసి ఆరేళ్లయింది.

బాహుదా ఒడ్డు తమ్ముడూ, అమ్మమ్మ చుట్ట ఏ వేళల్లో తాగుతుందో చూడు. ముందు ఆ వేళలు పట్టుకోవాలి.

శబరి, మల్కన్‌గిరి
మంగళవారం మధ్యాహ్నం

పొగ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఒక మాట. మన ఒడిశాలో పొగ తాగేవాళ్ల కంటే నమిలేవాళ్లు ఎక్కువ. 2016-17 సర్వేలో ఏదో ఒక రకం పొగాకు వాడే పెద్దవాళ్లు దేశంలో 28.6 శాతం ఉంటే ఒడిశాలో 45.6 శాతం. ఇక్కడ ఆడవాళ్లు పొద్దున్నే గుడాకుతో పళ్లు తోముకుంటారు. అది బెల్లం కలిపిన పొగాకు ముద్ద. పళ్లపొడి అనుకుంటారు. చుట్ట మాన్పించారంటే అమ్మమ్మ గుడాకులోకో ఖైనీలోకో మారకుండా చూసుకోండి. మా అత్తయ్య అలాగే మారింది.

ఇంకోటి. మా అన్నయ్య జంగారెడ్డిగూడెం వైపు పొగాకు పనికి వెళ్లేవాడు. తెల్లవారుజామున మంచుతడి ఆకు కోస్తుంటే రసం చేతులకు పట్టి వాంతులు, కళ్లు తిరగడం. ఎండదెబ్బ అనుకునేవారట. అది చర్మంలోంచి ఎక్కిన నికోటిన్. పొగాకు ఎన్నడూ నోట పెట్టని మనిషి మా అన్నయ్య. కోసిన ఆకును బ్యారన్ అనే వేడి గదిలో రోజుల తరబడి ఆరబెట్టాలి, ఆ వేడికి కట్టెలు. మావైపు నుంచి వెళ్లినవాళ్లు ఆ కట్టెలు మోసి వచ్చేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్క చెప్పింది, పొగాకు కోసం ఏటా 60 కోట్ల చెట్లు పోతున్నాయని. ఆ 60 కోట్లు నాకు ఊహకు అందవు. అన్నయ్య భుజం మీద కాయలు మాత్రం చూశాను.

ప్రాణహిత, సిరొంచ
మంగళవారం రాత్రి

నేను మహారాష్ట్ర వైపు నుంచి. మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత పోయి గోదావరిలో కలిసే చోటు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ.

ఇప్పుడు మాకు తునికాకు సీజన్. మా అమ్మ తెల్లవారుజామున మూడింటికి లేచి అడవికి పోతుంది, పదింటికి మూట నెత్తిన పెట్టుకుని వస్తుంది. మధ్యాహ్నం అంతా కట్టలు కట్టడం, సాయంత్రం కల్లానికి. నా చదువు ఆ ఆకు డబ్బుతోనే జరిగింది. కాబట్టి బీడీని తిట్టేటప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. అయినా చెప్పాలి.

ఫిబ్రవరి, మార్చిలో కొత్త చిగురు బాగా రావాలని తునికి పొదలకు నిప్పు పెడతారు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారు, అదీ తోడవుతుంది. పొద కింద పెట్టిన నిప్పు పొద దగ్గర ఆగదు. మొలకెత్తిన చిన్న మొక్కలు పోతాయి, నేల మీద గూడు పెట్టే పిట్టల గుడ్లు పోతాయి, నేలను కప్పి ఉంచే రాలుటాకు పోతుంది. తొలకరికి ఆ బూడిదంతా వాగులోకి. మా చిన్నప్పుడు ఇంటి వెనక అడవిలో నడిస్తే కాలు ఆకులో దిగబడేది. ఇప్పుడు రాళ్లు తగులుతున్నాయి. ఆకు కోయడానికి నిప్పు అక్కర్లేదు, పొదను కత్తితో కొట్టినా చిగురు వస్తుంది. కొన్ని ఊళ్లలో గ్రామసభ పెట్టి అలాగే చేస్తున్నారు. కూలి ఎక్కువ పడుతుంది, అంతే.

మావైపు ఖర్రా కూడా ఉంది, వక్క, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో రుద్ది ఇస్తారు. బడి పిల్లల జేబుల్లో దొరుకుతుంది. 2016 నుంచి ముక్తిపథ్ అనే కార్యక్రమం జిల్లాలో నడుస్తోంది, ఊరూరా కమిటీలు వేసి కొట్లలో అమ్మకం ఆపిస్తున్నారు. మా వాడలో ఆడవాళ్లే ముందు నిలబడ్డారు.

రుషికుల్య, గంజాం
బుధవారం ఉదయం

చుట్ట కాలిస్తే బూడిదన్నా నేలలో కలుస్తుంది. సిగరెట్ పీక కలవదు. చాలామంది దాన్ని దూది అనుకుంటారు. అది సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్. ఏళ్ల తరబడి ఉంటుంది. పీల్చినవాడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపిన విషమంతా అందులోనే ఉంటుంది, నీళ్లు తగలగానే బయటికి దిగుతుంది. ప్రయోగశాలలో లీటరు నీళ్లలో ఒక్క పీక నానబెడితే అందులో వదిలిన చేపల్లో సగం నాలుగు రోజుల్లో చచ్చాయి.

మా రుషికుల్య మొగ దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మీకు తెలిసే ఉంటుంది. పిల్లలు బయటికొచ్చే రోజుల్లో మేం రాత్రిళ్లు కాపలా ఉంటాం. చూడ్డానికి వచ్చినవాళ్లు కాల్చి అక్కడే పడేస్తారు. మొన్న ఒక పిల్ల ఇసుకలోంచి వచ్చి, పీకకు అడ్డం తగిలి, పక్కకు తిరిగి, మళ్లీ ఇంకో పీక దగ్గర ఆగింది. అరచేతిలో సగం కూడా ఉండదది. సముద్రం ఇరవై అడుగుల దూరంలో ఉంది. నేను పీకలు ఏరి దారి చేశాను. ఆ రాత్రి డబ్బా నిండింది.

బాహుదా ఒడ్డు, బరంపురం
శనివారం రాత్రి

అందరికీ పేరుపేరునా దండాలు. బుధవారం అమ్మమ్మను తీసుకెళ్లాను. ముక్క తీశారు. ఈరోజు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. కానీ కణాల్లో మార్పు మొదలైంది, ఇలాగే కొనసాగితే అటు తిరగవచ్చు అన్నారు. ఆ ఎర్రమచ్చ చిన్న ఆపరేషన్‌తో తీసేస్తారట, మూడు నెలలకోసారి చూపించాలట. చుట్ట పూర్తిగా మానాలి.

వంశధార అమ్మా, మీ పెద్దమ్మ గారి సంగతి నేను అమ్మమ్మకు చెప్పలేదు. మా అమ్మ చెప్పింది. అమ్మమ్మ ఏమీ మాట్లాడలేదు, చాలాసేపు నాలుకతో అంగిలి తడుముకుంటూ కూర్చుంది.

నాగావళి అన్నా, నువ్వు చెప్పినట్టు వేళలు చూశాను. రోజుకు మూడు చుట్టలు. తెల్లవారి ఒడ్డుకు వెళ్లేటప్పుడు ఒకటి, ఎండుచేపలు తిరగేశాక ఒకటి, రాత్రి భోజనం అయ్యాక ఒకటి. అడ్డపొగ ఎందుకు మొదలుపెట్టావని మొదటిసారి అడిగాను. "ఒడ్డున గాలికి చుట్ట ఆరిపోద్దిరా. నెత్తి మీద తట్ట, చంకలో మీయమ్మ. చేత్తో పట్టుకోడానికి చెయ్యేదీ? నోట్లో ఎట్టుకుంటే ఆరదు, పిల్ల మీద నిప్పు రాలదు" అంది. నేను ఇన్నేళ్లూ అదేదో మొండి అలవాటు అనుకున్నాను. నా తల్లి మీద నిప్పురవ్వ పడకూడదని ఆ నిప్పు తన నోట్లో దాచుకుందని ఎవరికి తెలుసు.

పంటి డాక్టర్, బరంపురం
శనివారం రాత్రి

రిపోర్టు చూసి ప్రాణం లేచి వచ్చింది తమ్ముడూ. ఆపరేషన్ వాయిదా వేయకండి. ఆవిడకు పళ్లు తక్కువైతే గమ్ కష్టం, ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్ గురించి డాక్టరును అడుగు. మందు మీకు మీరే కొనకండి, బీపీ ఉందా చూశాకే.

బాహుదా ఒడ్డు, బరంపురం
మూడు వారాల తర్వాత, ఆదివారం

మచ్చ తీసేశారు. గాయం మానుతోంది. ప్యాచ్ వేస్తున్నాం. అమ్మమ్మ పందొమ్మిది రోజులుగా చుట్ట ముట్టలేదు, మధ్యలో ఒక్క రాత్రి తప్ప. ఆ రాత్రి తనే నాకు ఫోన్ చేసి చెప్పింది, దాచలేదు. మిగిలిన పొగాకు ఆకు మా అమ్మ పొయ్యిలో వేయబోతే, "ఆ పొగ కూడా పొగే కదే" అని గొయ్యి తీసి పూడ్పించింది. నిన్న పులుసు కలుపుకుంది, కారం తగ్గించి.

ఇంకో సంగతి ఉంది. ఇప్పుడు సముద్రంలో చేపల వేట నిషేధం కాబట్టి పల్లెలో అందరూ ఇళ్ల దగ్గరే ఉన్నారు. అమ్మమ్మ ఈడువాళ్లు నన్ను చూడగానే టార్చ్ తియ్యమంటున్నారు. పదకొండు మంది నోళ్లు చూశాను. నలుగురికి అమ్మమ్మకు ఉన్నట్టే ఉంది, ఒకావిడకు పుండు. నేను డాక్టర్ని కాదు కదా, వాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఆశా అక్కకు పేర్లు ఇచ్చాను. ముప్పై ఏళ్లు దాటిన అందరికీ ఉపకేంద్రంలోనే నోరు చూస్తారు, తీసుకురమ్మంది. కానీ వాళ్లు కదలడం లేదు, భయం.

పంటి డాక్టర్, బరంపురం
ఆదివారం

పుండు ఉన్నావిణ్ణి రేపే నా దగ్గరికి తీసుకురా. మిగతావాళ్ల కోసం నేను వస్తాను. జూన్ 14తో నిషేధం అయిపోతుంది, పడవలు కదిలితే ఎవరూ దొరకరు. ఈ లోపే ఒక ఆదివారం పెట్టుకుందాం. పగటి వెలుతురు పడే అరుగు ఒకటి చూసి ఉంచు, నాలుగు కుర్చీలు చాలు.

వంశధార, గుణుపూర్
ఆదివారం

నేనూ వస్తాను. ఆడవాళ్లు డాక్టరు ముందు నోరు తెరవడానికి సిగ్గుపడతారు, పక్కన కూర్చుంటాను.

బాహుదా ఒడ్డు, బరంపురం
ఆదివారం రాత్రి

అరుగు మా ఇంటిదే ఉంది. మొదట తను కూర్చుంటానంది అమ్మమ్మ.